చేతులు వెనక్కి

"నలభైకి ముప్ఫై ఆరు!" అన్నారు మాస్టారు నాలుగోసారి. "దీనికి కూడా ముఖం మాడ్చుకుని నిలబడితే ఇంక నేనేం చెప్పను?"

కోడలు ఇంట్లోకి వచ్చి పావుగంటయింది. చెప్పులు విప్పలేదు, భుజాన సంచి దించలేదు. మామగారి పుస్తకాల సంచిలో దొరికిన అట్టముక్కల్ని భోజనాల బల్ల మీద ఒక్కొక్కటీ పరుస్తోంది, పేక పరిచినట్టు.

చెప్పుల డబ్బాల అట్టలవి. అన్నీ ఒకే కొలతకి కత్తిరించి, ఒక్కోదాన్నీ స్కేలు పెట్టి నాలుగు గళ్ళు చేసి, గడికో పెన్సిలు బొమ్మ వేశారు. బల్ల కింద పిల్లి, బల్ల మీద పిల్లి, బల్ల పక్కన పిల్లి, అసలు పిల్లే లేని ఉత్త బల్ల. అట్ట వెనక ఎర్ర సిరాతో ఒక అంకె. ఏ గడి సరైన జవాబో ఆ అంకె చెబుతుంది.

"ఎన్ని?" అంది కోడలు.

"ఏవెన్ని?"

"అట్టలు, మామయ్యగారూ."

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ప్రధానోపాధ్యాయుడిగా రిటైరైన తొమ్మిదేళ్ళకి ఇలాంటి ప్రశ్న తనని అడిగే రోజొస్తుందని ఆయన అనుకుని ఉండరు.

"నలభై," అన్నారు.

బల్ల కింద నుంచి టప్ మని చప్పుడొచ్చింది. వెంటనే కిలకిలా నవ్వు.

గువ్వ అక్కడుంది. అయిదేళ్ళ అయిదు నెలల పిల్ల. అసలు పేరు బడి కాగితాల్లో ఉంది, ఇంట్లో మాత్రం గువ్వ. ఒక కాలికి మేజోడుంది, రెండోది ఎక్కడుందో గువ్వకే తెలియాలి. అమ్మ పనిచేసే కళ్ళద్దాల షాపులో పనికిరాని కళ్ళజోడు పెట్టెలు గువ్వ బొమ్మలు. మూత తీస్తుంది, వదిలేస్తుంది. టప్. లోకంలో ఇంతకన్నా తమాషా ఇంకోటి లేనట్టు ప్రతిసారీ కొత్తగా నవ్వుతుంది. ఎంత అలసిపోయినా ఆ నవ్వు వినపడితే కోడలి పెదవులు వాటంతటవే కదులుతాయి. ఇవాళ అదీ జరగలేదు.

"ఎప్పట్నుంచి?"

"మూడు వారాలు. పొద్దున్న ఆరింటి నుంచి ఏడింటి దాకా. నువ్వు లేవకముందే." మాస్టారి గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది. "ఏనాడూ మొరాయించలేదు. ఒక్క అట్ట కూడా ఊరికే దాటించలేదు నేను."

"మూడు వారాల కిందట స్పీచ్ థెరపిస్టు దగ్గరికి మీరు తీసుకెళ్ళారు. గువ్వ ఏడ్చిందనీ, పరీక్ష మొదలే కాలేదనీ చెప్పారు."

"ఏడ్చింది. ఆ అమ్మాయి ఊరుకోబెట్టడానికి బయట వరండాలో తిప్పింది. పరీక్ష పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. చూశాను."

"నలభై పేజీలూ?"

"పాతిక నిమిషాలు ఏడ్చింది మరి."

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రోజు షాపులో సెలవు దొరక్క మామగారిని పంపింది తనే. ఎవరిని తిట్టుకోవాలో కూడా తేలడం లేదు.

"ఇవాళ అక్కడేం జరిగిందో చెప్తాను, వింటారా?"

"చెప్పు. నేనేం చెవిటివాణ్ణా?"

*

ఆ గది చిన్నది. పిల్లల కుర్చీలు తప్ప వేరే లేవు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కోడలు ఒక మూల కూర్చుంది. గువ్వ ఎదురుగా బొమ్మల పుస్తకం పెట్టి థెరపిస్టు అమ్మాయి ఒక్కో వాక్యం చెప్పింది. గువ్వ ఠక్కున చూపించింది. మళ్ళీ ఠక్కున. తల్లి గుండెలో ఏదో పొంగింది. ఇన్నాళ్ళూ తనే అనవసరంగా భయపడిందా? మామగారు చెప్పిందే నిజమా?

ముప్ఫై ఆరు లెక్క తేలాక కూడా థెరపిస్టు నవ్వలేదు. కాగితం పక్కన పెట్టి మళ్ళీ పుస్తకం తెరిచింది. పిల్లులున్న పేజీ. ఈసారి నోరు విప్పలేదు.

ఏమీ అడగకుండానే గువ్వ వేలు బల్ల కింద పిల్లి మీదికి వెళ్ళింది. తలెత్తి చూసింది.

"బల్ల మీద పిల్లిని చూపించు బంగారం," అంది థెరపిస్టు.

గువ్వ మళ్ళీ బల్ల కింద పిల్లినే చూపించింది. మళ్ళీ తలెత్తి చూసింది.

"పిల్లి లేని బల్ల ఏది?"

అదే పిల్లి. అదే చూపు.

"నా దగ్గర్నుంచి ఏదో కావాలి తనకి," అంది థెరపిస్టు మెల్లగా. "బాగా చేస్తే ఇంట్లో ఏమంటారండీ?"

"మా మామగారు 'భేష్' అంటారు."

"భేష్," అంది థెరపిస్టు.

గువ్వ ముఖం వెలిగిపోయింది. తనే పేజీ తిప్పి, తరవాతి బొమ్మ మీద వేలు పెట్టింది.

ఆ తరవాత థెరపిస్టు ఒక బొమ్మని గువ్వ చేతికిచ్చి, తన చేతులు వెనక్కి పెట్టుకుని, "బొమ్మని కుర్చీ కింద పెట్టు," అంది. గువ్వ ఆమె కళ్ళలోకి చూసింది. ఆమె చూపు ఎటూ కదల్లేదు. "పెట్టు," అంది గువ్వ ముద్దుగా, చివరి మాట పట్టుకుని. బొమ్మని గుండెకి హత్తుకుంది. అలా పది అడిగితే ఒక్కటి చేసింది. చేత్తో చూపిస్తూ అడిగితే పదికి పదీ చేసింది.

*

"అయితే?" అన్నారు మాస్టారు. "కొత్త చోటు, కొత్త మనిషి. బెదిరి ఉంటుంది. ఇంట్లో నేను గ్లాసు తెమ్మంటే తేవడం లేదూ?"

"కుండ వైపు చెయ్యి చాపి అడుగుతారు మీరు."

"తలుపెయ్యమంటే వెయ్యడం లేదూ?"

"తలుపు వైపు చూసి అడుగుతారు. మీరే కాదు, నేనూ అంతే. ఇంట్లో అందరం అంతే. అది మన మాటలు వినడం లేదు మామయ్యగారూ, మన చేతులు చూస్తోంది."

"వీడికి నాలుగేళ్ళ దాకా మాటల్లేవు. ఇప్పుడు నోరు మూయించలేకపోతున్నాం." వీడంటే కొడుకు, గువ్వ తండ్రి. లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు, ఇంకా ఇంటికి రాలేదు.

"ఆయనకి మాటలు రాలేదు గానీ చెప్పింది తెలిసేది. మీరే చెప్పారు నాకు, పెళ్ళయిన కొత్తలో. పక్కింటి మేకని విప్పి రమ్మంటే మూడేళ్ళప్పుడు విప్పి వచ్చాడని."

ఆ మేక సంగతి మాస్టారు ఎంతమందికి చెప్పారో ఆయనకే గుర్తులేదు.

"మా షాపుకి డ్రైవర్లు వస్తారు," అంది కోడలు. "లైసెన్సుకి కంటి కాగితం కావాలి. గోడ మీద అక్షరాలు లోపలికెళ్ళి వచ్చినవాణ్ణి అడిగి కంఠస్థం చేస్తారు. గడగడా చదివేస్తారు. నేను దీపం ఆర్పేసినా చదువుతారు. అలాంటి మనిషికి సంతకం పెట్టి పంపమంటారా?"

"పసిదాన్ని పట్టుకుని లారీ డ్రైవర్లతో పోలుస్తావేంటమ్మాయ్!"

"దాన్ని కాదు."

బల్ల కింద టప్. నవ్వు. టప్.

వీధి తలుపు తెరుచుకుంది. కొడుకు వచ్చాడు. చొక్కా మీద నూనె మరక, జుట్టు నిండా దుమ్ము. "అమ్మయ్య, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు," అన్నాడు ఇద్దరి ముఖాలూ చూసి. బల్ల మీది అట్టల్లో ఒకటి తీసి తిరగేసి చూశాడు.

"ఇదేంటి, మెడ పట్టేసిన కుక్కా?"

"గుర్రం," అన్నారు మాస్టారు.

"గుర్రానికి తెలుసా ఆ సంగతి?"

"గువ్వ తప్పు చేసిన నాలుగింట్లో అదొకటి," అంది కోడలు. "పుస్తకంలో నిజం గుర్రం ఉంది. దాన్ని చూసి ఎక్కడ వేలు పెట్టాలో తెలియలేదు పాపం." ఆ తరవాత మిగతాదంతా చెప్పింది. ఫోన్‌లో సగం విన్నాడు గనక రెండు నిమిషాల్లో అయిపోయింది.

అతను అట్టని జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టాడు.

"ఏడో తరగతిలో లెక్కల్లో నాకు ముప్ఫై మూడొచ్చాయి. ముప్ఫై అయిదొస్తే పాసు. పేపరు దిద్దింది తమరే." కోపమొస్తే అతనికి నాన్న మాస్టారైపోతాడు. "రెండు మార్కులు, మాస్టారూ. అమ్మ వచ్చి అడిగింది. 'న్యాయం న్యాయమే' అన్నారు. ఏడాదంతా చిన్నపిల్లల మధ్య కూర్చున్నా. నాకు రెండు మార్కులు కలపలేనివాడివి మనవరాలికి పేపరే ఇచ్చేశావా?"

"అవును. ఇచ్చాను." మాస్టారి గొంతు ఒక్కసారిగా లేచింది. "ఇచ్చాను! ఆ పరీక్షలో తప్పితే దాన్ని ఎక్కడికి పంపుతారో నాకు తెలుసు గనక ఇచ్చాను. వేరే గది, వేరే టీచరు, వేరే పిల్లలు. నలభై ఏళ్ళు చూశాను. చెప్పింది ఎక్కని పిల్లల్ని ఏం చేస్తామో తెలుసా మేం? వెనక బెంచీలో కూర్చోబెడతాం. సంవత్సరం తరవాత వాళ్ళున్న సంగతే మర్చిపోతాం. ఎవరో చేశారని చెప్పడం లేదు. నేను కూర్చోబెట్టాను. పేర్లు కూడా గుర్తులేవు నాకు. ఒక్క పేరూ గుర్తులేదు!"

గువ్వ బల్ల కింద నుంచి తల బయటికి పెట్టింది. "లేదు," అంది తాతని చూసి.

మాస్టారు చటుక్కున అటు తిరిగారు.

కోడలు ఇన్నేళ్ళలో ఆయన నోటివెంట ఇలాంటి మాట వినలేదు. కోపం కాస్త జారిపోయింది. దాని స్థానంలో నీరసం వచ్చి కూర్చుంది, ఇంక లేవనన్నట్టు.

"అది వెనక బెంచీ కాదు మామయ్యగారూ," అంది. "ఎనిమిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మాట వినడం, అర్థం చేసుకోవడం, అవే పాఠాలు. రెండేళ్ళు నేర్పి మామూలు బడికి పంపుతారు. నేను వెళ్ళి చూసొచ్చాను. ఒక్క సీటే మిగిలింది. ఆరేళ్ళు దాటితే తీసుకోరు. వచ్చే ఏటికి గువ్వకి ఆరు దాటతాయి."

"ముప్ఫై ఆరు వస్తే?"

"ముప్ఫై ఆరొచ్చిన పిల్లకి ఆ సీటెందుకిస్తారు?"

"మళ్ళీ పెట్టమను పరీక్ష."

"ఆర్నెల్ల దాకా పెట్టకూడదట. అది కూడా, మనం మర్చిపోనిస్తే."

కొడుకు గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు. "మరి ఏం చెయ్యమంది ఆ అమ్మాయి?"

కోడలు దారి పొడుగునా బస్సులో ఈ ఒక్క మాటా ఎలా చెప్పాలని ఆలోచిస్తూ వచ్చింది. ఏ విధంగా చెప్పినా అది అలాగే ఉంది.

"నేర్పినవాళ్ళు ఉత్తరం రాసివ్వాలట. పుస్తకం ఎప్పుడు చూశారు, ఏయే బొమ్మలు, రోజుకి ఎంతసేపు, ఎలా నేర్పారు. కింద సంతకం. అదుంటే ఆ అమ్మాయి ముప్ఫై ఆరు కొట్టేసి, తను కళ్ళారా చూసింది రాసి సీట్లిచ్చే కమిటీకి పంపుతుంది. లేకపోతే ఆ అంకె ఒక్కటే వెళ్తుంది. రేపు పదకొండింటికి కమిటీ కూర్చుంటుంది."

"నేను రాస్తా," అన్నాడు కొడుకు.

"నేర్పింది మీరు కాదుగా."

ఇద్దరూ మాస్టారి వైపు చూశారు.

"పరీక్ష హాల్లో చీటీలు పట్టుకున్నవాణ్ణి," అన్నారాయన. "ఒకటా రెండా. పట్టుకుని, బయటికి పంపి, తలుపేసినవాణ్ణి. ఈ వయసులో 'పేపరు నేనే దొంగిలించాను' అని రాసి సంతకం పెట్టనా? ఆ కమిటీలో ఎవరుంటారో తెలుసా? నా దగ్గర చదివినవాళ్ళుంటారు!"

"ఉంటారేమో," అంది కోడలు.

"దానికి అన్నీ అర్థమవుతాయి. మీకే అర్థం కావడం లేదు."

"అయితే చేతులు వెనక్కి పెట్టుకుని ఒక్కసారి అడగండి. అటు చూడకుండా. ఒక్కసారి."

"నాకు పాఠం చెప్పక్కర్లేదు," అన్నారు మాస్టారు. అట్టలన్నీ గబగబా కూడదీసి, చివరలు సమం చేసి, తాడు చుట్టి, ముందు గదిలోకి వెళ్ళిపోయారు.

*

వంటింట్లో గిన్నెలు తోమబోతున్న భార్యని కొడుకు భుజాలు పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు. తను నేల మీద కూర్చుని ఆమె చెప్పుల బకిల్ విప్పసాగాడు.

"వదలండి, నేను తీసుకుంటా."

"వీటితోనే పుట్టాననుకుని తియ్యడం లేదేమోనని..."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ చిన్న నవ్వుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను చూడనట్టు రెండో చెప్పు సంగతి చూసుకున్నాడు. కాలి మీద పట్టీ గీత ఎర్రగా పడింది. దాన్ని బొటనవేలితో నెమ్మదిగా రాశాడు.

"రాస్తాడంటావా?"

"మీ నాన్నగారి సంగతి మీకే తెలియాలి."

"రెండు మార్కులు కలపలేదు," అన్నాడతను. "ఆ తరవాత నెల రోజులు నా కంచం పక్కన కూర్చుని తను కూడా సరిగ్గా తినలేదు. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా వీలు లేకుండా చేస్తాడు."

లేచి పంపు తిప్పాడు. గిన్నెలు తను అందుకున్నాడు. కోడలు గోడకి తల ఆనించింది. వంటింటి తలుపు సందులోంచి ముందు గది కనిపిస్తోంది. సాయంత్రపు ఎండ కిటికీలోంచి వాలుగా పడి మాస్టారి రాత బల్ల మీద ఆగింది. బల్ల మీద ఒక తెల్ల కాగితం, దాని మీద మూత తీయని కలం. తాడు చుట్టిన అట్టలు నేల మీద.

కాగితం ఖాళీగానే ఉంది.

మాస్టారు గది మధ్య నిలబడి ఉన్నారు. చుట్టూ చూశారు. ఎవరూ లేరని అనుకున్నారు కాబోలు.

"గువ్వా," అని పిలిచారు.

గువ్వ వచ్చింది, ఒక కాలి మేజోడుతో.

మాస్టారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. బళ్ళో పిల్లల మధ్య తిరిగేటప్పుడు పెట్టుకునే పద్ధతే. వెన్ను నిటారుగా ఉంది. "కళ్ళజోడు పెట్టె తీసుకురా," అన్నారు స్పష్టంగా. ఆ పెట్టెల్లో ఒకటి కిటికీ గూట్లో ఉంది. గువ్వ రోజూ ఆడుకునే వస్తువే.

గువ్వ ఆయన కళ్ళలోకి చూసింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

గువ్వ కాసేపు ఆగింది. ఆ తరవాత చిన్నచిన్న అడుగులేసుకుంటూ ఆయన చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది. వీపు వెనక ఒకదాన్నొకటి పట్టుకున్న ఆ ముసలి చేతుల ముందు నిలబడి, వాటి వంక ఓపిగ్గా చూసింది.

కోడలు స్టూలు మీద ముందుకి వంగింది.

కుడిచేతి చూపుడువేలు మెల్లగా విడివడింది. కిటికీ వైపు తిరిగింది.

గువ్వ పరుగెత్తి పెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"భేష్..." అన్నారు మాస్టారు. కళ్ళు తెరిచి తన కుడిచేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నారు, ఎవరి చెయ్యో అన్నట్టు.

పంపు చప్పుడు ఆగింది. భర్త వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె వెనక్కి చూడకుండానే అతని చెయ్యి పట్టుకుంది. మాట్లాడొద్దన్నట్టు నొక్కింది.

మాస్టారు వెళ్ళి రాత బల్ల ముందు కూర్చున్నారు. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నారు, అల్లరి చేసి దొరికిపోయిన పిల్లాడిలా. చూపు ఎదుటి గోడకి అతికించారు.

"గువ్వా, తలుపు వెయ్యమ్మా."

గువ్వ ఆయన ముఖం చూసింది. కుర్చీ వెనక్కి వెళ్ళింది. అక్కడ చేతుల్లేవు. ఈ పక్కకి వచ్చింది. ఇక్కడా లేవు. వంగి కుర్చీ కింద కూడా చూసింది.

"తలుపు వెయ్యి," అన్నారు మాస్టారు.

"వెయ్యి," అంది గువ్వ, తియ్యగా.

"వెయ్యమ్మా. తలుపు."

"తలుపు."

మాస్టారు గోడ మీంచి చూపు తిప్పలేదు. ఎంతసేపు అలా ఉన్నారో. గువ్వకి మాత్రం తాత ఏదో అడుగుతున్నాడని తెలుసు. ఏదో ఒకటి చెయ్యాలని కూడా తెలుసు. బల్ల మీద పరిచి ఉన్న తెల్ల కాగితం దాని కంట పడింది. కలాన్ని పక్కకి నెట్టింది. కుర్చీ అడ్డకర్ర మీద ఒక కాలు పెట్టి పైకి లేచి, ఖాళీ కాగితం మీద, కింద ఎడమవైపు మూల, వేలు పెట్టింది.

తలెత్తి తాత ముఖంలోకి చూసింది.

భేష్ రాలేదు.

వేలు తీసి పై మూలకి జరిపింది. చూసింది. ఆ తరవాత కుడివైపుకి. మళ్ళీ చూసింది.

మాస్టారు తొడల కింది నుంచి చేతులు బయటికి తీశారు. కలం అందుకుని మూత తీశారు. గువ్వ వేలు కాగితం మధ్యలో ఉంది. అది అక్కణ్ణుంచి కదలాలంటే ఆయన నోటితో ఒక్క మాట అనాలి. ఆ మాట కోసం కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురుచూస్తోంది గువ్వ.